చేపల చదువు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా బడి వరండాలో ఒక బల్ల వేస్తారు. ఆ బల్ల వెనక కుర్చీలో కూర్చునేది నేను. పాసైన పిల్లలు ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటే బాగుంటుందో వాళ్ళకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ చెప్పడం నా పని. నాకు ముక్కు మీద కోపమని బడిలో గోడలకి కూడా తెలుసు. అయినా ఓర్పుగా మాట్లాడాల్సిన చోట నన్నే కూర్చోబెట్టారంటే అది మా హెడ్మాస్టరు గారి ధైర్యం.

మా బడి శ్రీకూర్మం దాటాక, సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. సగం మంది పిల్లలు వరిపొలాల ఊళ్ళ వాళ్ళు, సగం మంది ఒడ్డున ఉన్న చేపల పేట వాళ్ళు. నేను శ్రీకాకుళం నుంచి స్కూటీ మీద వచ్చి బయాలజీ చెప్పి పోతుంటాను.

ఇక్కడి జనం లెక్కలో గ్రూపులు రెండే. ఎంపీసీ ఒకటి, ఎంపీసీ దొరకని వాళ్ళకి పడేసేది ఇంకొకటి. లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీ చదివితే ఇంజినీరు, ఏసీ గది, నెల తిరిగేసరికి జీతం. చెట్లూ జంతువుల చదువున్న బైపీసీ తీసుకుంటే డాక్టరు కావాలి, కాకపోతే ఏమవుతారో ఎవరికీ తెలియదు కాబట్టి భయం. సీఈసీలో చేరితే పిల్లాడు మొద్దని ఊళ్ళో టముకు వేసినట్టే. ఒకాయన కొడుకుని ఎంపీసీలో చేర్పించేసి వచ్చి, "ఇంతకీ అందులో ఏటుంటాది మేడమ్?" అని అడిగాడు. ఇప్పుడైతే లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే వీలు కూడా వచ్చింది. నేను చెప్పే ఏడాదికి అది లేదు. అటో ఇటో తేల్చుకోవలసిందే.

ఆ ఏడాది పాసైన వాళ్ళలో చేపల పేట పిల్ల ఒకతె ఉంది. మంచి మార్కులు వచ్చాయి. లెక్కల్లో కూడా వచ్చాయి, అదే దాని కొంప ముంచింది. ఎనిమిదో తరగతి నుంచి ఆ పిల్ల నన్ను కాల్చుకు తింది. నీళ్ళ సీసాలో నత్తనో, పురుగునో, వలలో పనికిరాదని పారేసిన చిన్న చేపనో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టేది. "దీని పేరేటి మేడమ్?" సగం వాటి పేర్లు నాకూ తెలియవు. తెలియదంటే ఆ పిల్ల మొహం వెలిగిపోయేది. పదో తరగతిలో ఒక రోజు, "మా నాయిన ముందుకన్నా దూరం ఎల్తన్నాడు మేడమ్. సేపలు ఎందుకు తగ్గిపోతన్నాయి?" అంది. అది తెలుసుకోవడానికి ఒక చదువుంది, ఇంటర్లో బైపీసీ తీసుకుంటే తర్వాత చేపల మీదే డిగ్రీ చెయ్యొచ్చు అని చెప్పాను. చెప్పి నేను మర్చిపోయాను. ఆ పిల్ల మర్చిపోలేదు.

వాళ్ళమ్మ నాకు బాగా తెలుసు. పొద్దున్నే ఆటోలో శ్రీకాకుళం వచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధిలో చేపలమ్మేది. నేను ఆమెని అప్పా అని పిలుస్తాను, మా వైపు అక్కని అలాగే అంటాం. మంచి నెత్తళ్ళు దొరికితే నాకోసం అడుగున దాచి తెచ్చేది. కూతురు బైపీసీ మాట ఎత్తిన దగ్గర్నుంచి మా గుమ్మం ముందు ఆగడం మానేసింది. మానేస్తే మానేసింది, మా గేటు దగ్గరికి రాగానే గొంతు రెండింతలు పెంచి, పక్కింటావిడకి కవళ్ళ చేపలు బేరమాడేది. మావారు పప్పుచారు కలుపుకుంటూ, "నీ బైపీసీ నా కంచంలోకి వచ్చిందే," అన్నారు.

వేసవిలో రెండు నెలలు సముద్రం మీద పెట్టే వేట నిషేధం ఎత్తేసిన వారంలో, ఒక గురువారం, ఆ పిల్ల ఒక్కతే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మార్కుల మెమో, టీసీ అమ్మ ఇచ్చీసినాది మేడమ్. కాలేజీ ఆయన ఇంటికొచ్చి పట్టుకుపోనాడు. సోమారం వైజాగ్ హాస్టల్లో సేరాలట. ఎంపీసీ."

ఈ కాలేజీ వాళ్ళ సంగతి నాకు తెలుసు. పిల్లలు పరీక్షలు రాస్తుండగానే వాళ్ళ మనుషులు ఊళ్ళ మీద పడతారు. ఇల్లిల్లూ తిరిగి, టీ తాగి, అక్కా బావా అని వరసలు కలిపి, చివరికి ఒరిజినల్ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళిపోతారు. అవి వాళ్ళ చేతిలో పడ్డాయంటే పిల్ల వాళ్ళ చేతిలో పడ్డట్టే. అసలు కాగితాలు లేందే ఇంకో కాలేజీలో చేర్చుకోరు. శ్రీకాకుళంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీలో చేరడానికి శనివారం ఆఖరు. కాగితాలు వెనక్కి అడగాలంటే తల్లో తండ్రో రావాలి. తండ్రి పడవ మీద ఉన్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదు.

"మీరే సెప్పినారు కదా మేడమ్. ఇప్పుడు మీరే సూడండి," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం పేటకి వెళ్ళాను. వాళ్ళమ్మ ఇంటి ముందు ఇసకలో ఎండు చేపలు ఏరి పోగు చేస్తోంది. పేటలో ఎవరింటి గొడవైనా అందరి గొడవే. నేను స్కూటీ స్టాండు వేసే లోపే నలుగురు చేరారు, మాట మొదలుపెట్టేసరికి పేట సగం అక్కడుంది. నేను కాగితాలు, బైపీసీ, డిగ్రీ అని ఏదో చెప్పబోయాను. ఆమె చేతులు దులుపుకుని లేచింది.

"ఓలమ్మ, ఇనండర్రా! సేపల సదువట! మన గుంటపిల్లకి సేపని సూపించడానికి మేడమ్ గారు కాలేజీకి పంపుతారట!"

వల బాగు చేసుకుంటున్న ముసలాయన తల ఎత్తాడు. "అదేటమ్మా, కాలేజీలో సముద్రం ఉంటాదేటి?"

అందరూ నవ్వారు. ఇంకొకాయన, "పట్నం మాస్టర్లొచ్చి మనోళ్ళకి వల ఇసరడం నేర్పుతారన్నమాట," అన్నాడు. వాళ్ళకి నిజంగానే అలా అర్థమైందని నాకు అప్పటికి తట్టింది. చేపల చదువంటే చేపలు పట్టే చదువు. తాతల నాటి నుంచి సముద్రం మీద బతికినవాళ్ళు, చేపలు పట్టడం నేర్చుకోవడానికి పిల్లని కాలేజీకి పంపుతారా?

"పట్టడం కాదు తాతా. చేప ఏ నెలలో గుడ్లు పెడుతుంది, ఎటు పోతుంది, ఎందుకు తగ్గిపోతోంది, అది చదువు," అన్నాను.

"అవి మాకు తెల్వవేటి?"

"తెలిస్తే ఎందుకు తగ్గిపోయాయో నువ్వే చెప్పు!"

నోరు జారింది. నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ముసలాయన మళ్ళీ వల మీదికి వంగిపోయాడు.

వాళ్ళమ్మ గొంతు తగ్గించింది. అరుస్తున్నప్పటి కన్నా అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

"మేడమ్, నాను బస్సెక్కితే పక్క సీటు కాళీ అయిపోతాది. పెళ్ళికెల్తే ఎంత సబ్బు రాసినా ఎనకే కూకుంటాను. ఈ కంపు నాతోనే ఆగిపోవాలని దాన్ని సదివించినాను. మీరొచ్చి మళ్ళా దాన్ని సేపల్లోకే దింపుతన్నారు. దానికి ఉజ్జోగం వస్తాదని మీరు రాసిస్తారా? సెప్పండి. రాసిస్తే ఇప్పుడే వస్తాను."

నేను రాసివ్వలేను. ఏ పిల్లకీ ఎవరూ రాసివ్వలేరు. కాలేజీ ఆయనైతే రాసిచ్చి, రంగుల కాగితం మీద ఫోటోలు కూడా వేసి ఇస్తాడు. ఆ మాటే అన్నాను. "అతగాడు రాసిచ్చినాడు కదా మరి," అందామె. నేను స్కూటీ తీసుకుని వచ్చేశాను. ఇంట్లో చెబితే మావారు, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు. కందకి దురద ఉంది కాబట్టే నేను వెళ్ళానని అరిచాను. ఆ రాత్రి నేను వండలేదు.

శుక్రవారం ఏమీ జరగలేదు. ఆ పిల్ల బడి వైపు రాలేదు. బల్ల దగ్గర ఎవరు ఏమడిగినా కసురుకున్నాను. ఒక తండ్రి భయపడి, అడగకుండానే కొడుకుని సీఈసీలో వేస్తానని ఒప్పేసుకున్నాడు.

శనివారం పొద్దున్న బల్ల చుట్టూ అయిదారుగురు పిల్లలు, వాళ్ళ తల్లులు ఉన్నారు. రోడ్డు మీద నుంచి కేక వినిపించింది.

"సేపలో! కవళ్ళు! సేపలో!"

ఆడపిల్ల గొంతు. మా వరండాలో పిల్లలు లేచి గేటు వైపు పరుగెత్తారు. నేనూ వెళ్ళాను. ఆ పిల్ల రోడ్డు మధ్యలో నడిచి వస్తోంది. బడి యూనిఫాం లంగా వోణీ. నెత్తిన చుట్టకుదురు, దాని మీద నిండు తట్ట. మెడ నరాలు పొంగి ఉన్నాయి. చేపల నీళ్ళు చెంప మీదుగా కారుతున్నాయి. వెనకాల వాళ్ళమ్మ, చేతులు ఖాళీగా, కొంగు నోట్లో కుక్కుకుని వస్తోంది.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. బడికెళ్ళే పిల్ల తట్ట ముట్టుకోదు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ముట్టుకోనివ్వరు. చదువు ఇక చాలనుకున్న రోజున తల్లి తన చేతులతో తట్ట ఎత్తి కూతురి నెత్తిన పెడుతుంది. అది రోడ్డు మీద నలుగురూ చూశాక ఆ పిల్లని బడి గురించి ఇంకెవరూ అడగరు. ఈ పిల్లకి తల్లి ఎత్తలేదు. నిండు తట్ట గట్టు మీద ఉంచి, కింద నుంచి తల దూర్చి, తనే ఎత్తేసుకుంది. పేట దాటి, వీధి దాటి, తన క్లాసు పిల్లలందరూ ఉండే చోటికే నడిచి వచ్చింది.

మా పిల్లలు ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి గేటు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"ఏమిటే ఇది? దించు ముందు!" అన్నాను.

"ఎంపీసీ నాకొద్దు మేడమ్. బైపీసీ అమ్మకొద్దు. ఇంక మిగిలింది ఇదే కదా," అంది. మెడ తిప్పలేదు కాబట్టి నా మొహం చూడకుండానే అంది.

"మెడ విరుగుతుంది, నా మాట విను."

"మీరూ అమ్మలాగే మాటాడతన్నారు."

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఈ పిల్ల మొండిగా ఉండాలని కోరుకున్నది నేనే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని హెడ్మాస్టరు గారు వెక్కిరిస్తే, ఆ ఉలిపికట్టెని చూసి గర్వపడ్డదీ నేనే. ఆ మొండితనం తట్ట రూపంలో రోడ్డు మీద నిలబడితే చూడలేకపోయాను. ఇది పంతం కోసం నిజంగానే చదువు మానేస్తుంది, అప్పుడు వాళ్ళమ్మకి నేనేం జవాబు చెప్పాలి?

వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. గురువారం నాటి గొంతు కాదది.

"దించమనండి మేడమ్. పేటంతా సూసినారు. ఇంక సాలు. నాను ముట్టుకుంటే ఇదిలించీసింది. మీరు సెప్పండి."

"సర్టిఫికెట్లు తెస్తానంటే దించుతాను," అంది పిల్ల.

ఒక ఆటో హారన్ కొట్టి మమ్మల్ని తప్పుకుని పోయింది. "నీ ఇష్టమే. తెస్తాను, దించు," అంది వాళ్ళమ్మ చివరికి. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క పట్టి తట్ట దించాం. ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా మా గుమ్మంలో ఆ తట్ట దించడానికి ఎప్పుడూ మా పనమ్మాయే చెయ్యి వేసేది.

ఆటో మాట్లాడుకుని శ్రీకాకుళం బయలుదేరాం. తట్ట కూడా ఎక్కించాం. నిషేధం ఎత్తేశాక పడిన మొదటి మంచి వేట అది, ఎవరి దగ్గర వదులుతారు? నేను తల్లీ కూతుళ్ళ మధ్యలో కూర్చుని దారంతా గడియారం చూసుకున్నాను. నాగావళి వంతెన మీద లారీలు అడ్డం పడి కాసేపు ఆగిపోయాం. ప్రభుత్వ కాలేజీలో మధ్యాహ్నం దాటితే గుమస్తా కుర్చీలో ఉంటాడో లేదో.

వైజాగ్ కాలేజీ వాళ్ళ ఆఫీసు శ్రీకాకుళం మెయిన్ రోడ్డు మీద, ఒక మేడ మీద ఉంది. అద్దాల తలుపు, ఏసీ, సోఫాలు. సోఫాల్లో పిల్లల్ని చేర్చడానికి వచ్చిన వాళ్ళు. వాళ్ళమ్మ తట్ట కింద పెట్టలేదు. మెట్ల దగ్గర కుక్కలు తిరుగుతున్నాయి. నెత్తిన పెట్టుకునే మేడ ఎక్కి, తలుపు పక్కన గోడ వారగా దించింది.

పేటకి వచ్చి వరసలు కలిపిన మనిషే బల్ల వెనక ఉన్నాడు. ఇక్కడ వరసలు లేవు.

"ఒరిజినల్స్ వైజాగ్ వెళ్ళిపోయాయమ్మా. సోమవారం రండి, చూద్దాం."

"సోమవారం వస్తే ఏం లాభం? ఇవాళే ఆఖరు," అన్నాను.

"మేడమ్, మీరు టీచరై ఉండి బంగారంలాంటి ఎంపీసీ పిల్లని పాడు చేస్తున్నారు. పేరెంట్ ఒప్పుకుని చేర్పించారు. మధ్యలో మీరెవరు?"

అరిచాను. అతను అంతకంతా మెత్తగా మాట్లాడాడు. నేను అరిచేకొద్దీ సోఫాల్లో వాళ్ళు నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అప్పుడు ఎవరో ముక్కు మూసుకున్నారు. ఇంకొకావిడ కొంగు అడ్డం పెట్టుకుంది. తట్టలో ఐసు కరిగి నీళ్ళు తెల్లటి గచ్చు మీద సన్నగా పారుతున్నాయి. తలుపులు మూసిన ఏసీ గదిలో కవళ్ళ వాసన ఎలా ఉంటుందో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

"ఆ తట్ట బయట పెట్టమ్మా!" అన్నాడతను.

వాళ్ళమ్మ నీళ్ళ వైపు చూసింది. ముక్కులు మూసుకున్న వాళ్ళ వైపు చూసింది. ఆ చూపులు ఆమెకి కొత్తవి కావు. బస్సులో, పెళ్ళిళ్ళలో, జీవితమంతా చూసినవే. నిదానంగా వెళ్ళి తట్ట పక్కన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పైన కప్పిన గోనెపట్టా తీసి పక్కన పెట్టింది.

"నేదు బాబూ. సోమారం రమ్మన్నావు కదా. రాను పోను ఎందుకూ, సోమారం దాకా ఇక్కడే కూకుంటాం. మాకేటి ఇబ్బంది నేదు."

ఒక జంట పిల్లాడిని తీసుకుని లేచి మెట్లు దిగిపోయారు. వాళ్ళ వెనకే ఇంకొకరు. అతను లోపలికి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. వైజాగ్ వెళ్ళిపోయిన మెమో, టీసీ పక్కగదిలో బీరువాలో దొరికాయి.

మెట్లు దిగుతుండగా పిల్ల నవ్వింది. తల్లి నవ్వలేదు. "నవ్వకే," అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఏ కంపు నుంచి కూతుర్ని దాటించాలనుకుందో, ఆ కంపునే అందరి ముందూ పరచాల్సి వచ్చింది. ఆ బాధ నాకు అర్థమైంది.

ప్రభుత్వ కాలేజీలో గుమస్తా టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. మమ్మల్ని చూసి విసుక్కుంటూ మళ్ళీ పెట్టేశాడు. "గ్రూపు?" అన్నాడు. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి కిటికీ వైపు చూస్తూ, "సెప్పు, నీ నోటితో నువ్వే సెప్పు," అంది. "బైపీసీ," అంది పిల్ల. తల్లి సంతకం చెయ్యాల్సిన చోట నెమ్మదిగా అక్షరం అక్షరం కూర్చి సంతకం చేసింది.

బయటికొచ్చి కాలేజీ గేటు పక్కన నీడలో కూర్చున్నాం. పిల్ల మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. తట్టలో చేపలు అప్పటికే మెత్తబడ్డాయి, ఆ పూట బేరం పోయినట్టే. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను, మంచి చదువు అప్పా, ఏం భయపడకు అని.

"మీకేటి మేడమ్," అంది కోపం లేకుండా. "ఇది తప్పిపోతే మీకు ఇంకో ఏడు ఇంకో గుంట వస్తాది. నాకిదొక్కత్తే."

తట్టలో మిగిలిన నీళ్ళు వంపుతూ, "మీ బాబు ఈమధ్య ఇంటికాడ అగుపడ్డం నేదు. ఏటి సదువుతన్నాడు?" అంది.

"ఎంపీసీ. వైజాగ్‌లో, హాస్టల్లో."

ఆమె దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. నా మొహంలోకి చూసి, "ఆ బాబుకి ఇష్టమేటి?" అని మాత్రం అడిగింది.

"ఇష్టమే," అన్నాను.

ఊళ్ళో పిల్లలందర్నీ బల్ల ముందు నిలబెట్టి నీకేం ఇష్టమని అడుగుతాను. మా వాడిని ఆ మాట ఎవరడిగారో ఎంత వెతికినా గుర్తు రాలేదు. నేనూ మావారూ ఒక సాయంత్రం హాల్లో కూర్చుని మాట్లాడుకున్నాం, మర్నాడు వెళ్ళి చేర్పించాం. వాడు కారు వెనక సీట్లో కూర్చున్నాడు.

హాస్టల్లో ఆదివారం కాసేపు ఫోన్ ఇస్తారు. తిన్నావా, చదువుతున్నావా అని అన్నీ అయ్యాక అడిగాను.

"ఒరే, అప్పుడు నీకు ఏ గ్రూపు తీసుకోవాలని ఉండేదిరా?"

అవతల పిల్లల గోల వినిపిస్తోంది. వెనక ఎవరో ఫోన్ ఇవ్వరా బేగి అంటున్నారు.

"ఇప్పుడెందుకమ్మా అదంతా," అన్నాడు.